నలభై ఏడు కిలోల లోపు

కొత్త జిల్లాలు ఏర్పడిన రెండో సంవత్సరం, జూన్ నెలలో, నన్ను ఖిల్లా ఘణపూర్ నుంచి గద్వాల పట్టణంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు వ్యాయామ ఉపాధ్యాయినిగా బదిలీ చేశారు. అప్పటికి నాది ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. బడిలో పిల్లలు నన్ను పీఈటీ మేడం అనేవారు. బడి బయట నాకు ఇంకో బాధ్యత ఉండేది. కరాటేలో రెండో డాన్, అంటే రెండో మెట్టు బ్లాక్ బెల్టు ఉన్నందువల్ల మా ప్రాంతపు కరాటే సంఘం జడ్జీల ప్యానెల్‌లో నా పేరు చేర్చారు. పోటీ జరిగే చదరపు మ్యాట్‌ను తతామీ అంటారు. దాని మధ్య నిలబడి ఆట నడిపించేవారు రెఫరీ. నాలుగు మూలల్లో ఎర్ర జెండా, నీలి జెండా పట్టుకుని కూర్చుని పాయింట్లు చూపేవారు జడ్జీలు. ఆదివారాలన్నీ ఆ పనికే పోయేవి. అయినా ఇష్టంగా చేశాను.

ఇప్పుడు చెప్పబోయే సంఘటన తర్వాత ఆ ప్యానెల్‌లో నా పేరు లేదు. ఎందుకు తీసేశారని అడిగినవాళ్లకు రెండు మాటల్లో చెప్పలేక ఊరుకునేదాన్ని. ఉద్యోగ విరమణ అయింది కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గద్వాలలో నేను చేరిన ఏడాది తొమ్మిదో తరగతిలో శిరీష అనే అమ్మాయి ఉండేది. వాళ్లది చేనేత కుటుంబం. తండ్రి నాగన్న గుంట మగ్గం మీద గద్వాల చీరలు నేసేవాడు. తల్లి కండెలకు నూలు చుట్టేది. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ పేరుతో మూడు నెలలు కరాటే నేర్పే పథకం ఒకటి ఉండేది. మూడు నెలలు కాగానే చాలామంది మానేశారు. శిరీష మానలేదు. పొద్దున ప్రార్థనకు గంట ముందే వచ్చి గ్రౌండులో ఒంటరిగా అడుగులు వేసుకుంటూ కనిపించేది.

కరాటే పోటీలో రెండు విభాగాలు ఉంటాయి. ఊహలో ఉన్న శత్రువుతో వరుస కదలికలు చేసి చూపడం కటా. ఎదుట మనిషితో తలపడడం కుమితే. శిరీషది కుమితే. ఆమెకు బలం ఎక్కువ లేదు, ఎత్తూ లేదు. ఉన్నదల్లా దూరం కొలిచే కన్ను. ఎదుటి అమ్మాయి చెయ్యి ఎంతవరకు సాగుతుందో రెండు దెబ్బలు చూసేసరికి పట్టేసేది. ఆ హద్దుకు వేలెడు వెనక నిలబడి, అవతలి చెయ్యి గాలిలో ఖాళీగా ఉన్న క్షణంలో లోపలికి దూరి వెనక చేత్తో గుద్దేది. దాన్ని గ్యాకు జుకి అంటారు. ఆ ఒక్క గుద్దుతోనే ఏడాదిలో మండల స్థాయి, జిల్లా స్థాయి దాటింది. నేను అంతకు ముందు నేర్పిన పిల్లల్లో అలాంటి కన్ను ఉన్నవాళ్లు ఒకరో ఇద్దరో.

మరుసటి ఏడాది నవంబరులో వనపర్తిలో ఎంపిక పోటీలు పెట్టారు. పాత ఉమ్మడి జిల్లాలో దక్షిణ భాగానికి, అంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలందరికీ కలిపి ఒకే ఎంపిక. ఒక్కో బరువు విభాగంలో గెలిచిన ఒక్కరే రాష్ట్ర పోటీలకు పోతారు. రెండో స్థానానికి చోటు లేదు. శిరీష వయసువాళ్లను కేడెట్లు అంటారు. ఆమె విభాగం నలభై ఏడు కిలోల లోపు. రెండు వందల గ్రాముల వరకు సడలింపు ఉంటుంది. అది కూడా దాటితే ఆ విభాగంలో ఆడనివ్వరు.

నిర్వహణ బాధ్యత సంఘం కార్యదర్శిది. అందరూ సత్యం మాస్టర్ అని పిలిచేవారు. వనపర్తిలో ఆయనకు సొంత శిక్షణ కేంద్రం ఉంది. ఆయన శిష్యురాలు హారిక కూడా నలభై ఏడు కిలోల లోపు విభాగంలోనే పేరు ఇచ్చింది. పోటీ నడిపే మనిషి శిష్యులు అదే పోటీలో ఆడడం తప్పని నిబంధనల్లో రాసి లేదు. రాసి లేకపోవడమే తప్పు అని నాకు ఆ రోజు దాకా తోచలేదు.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు బయల్దేరాం. శిరీష, నాగన్న, నేను. నా విద్యార్థిని ఆడుతున్నది కాబట్టి ఆ రోజు నేను జడ్జీగా కూర్చోవడానికి వీల్లేదు. కోచ్‌గా మాత్రమే వెళ్తున్నానని ముందే రాసి ఇచ్చాను. నాగన్నను రావద్దన్నాను. ఒక రోజు మగ్గం ఆగితే ఆయనకు కష్టమని తెలుసు. "పిల్ల ఆడేది ఒక్కపారి గుడ నేను సూడలె మేడం, వస్త" అన్నాడు.

పోటీలు ఒక ఫంక్షన్ హాలులో. ఆడపిల్లల తూకం పెళ్లికూతురి గదిలో పెట్టారు. తూకం సమయం ఏడు నుంచి తొమ్మిది వరకు. ఆ తర్వాత డ్రా తీస్తారు. అంటే ఎవరు ఎవరితో తలపడాలో చీటీలు వేసి నిర్ణయిస్తారు. తూకం దగ్గర ఇందిర అనే యువతి కూర్చుంది. సత్యం మాస్టర్ కేంద్రంలోనే శిక్షకురాలు. కార్పెట్ మీద అంకెలు వెలిగే యంత్రం. శిరీష ఎక్కింది. నలభై ఏడు కిలోల తొమ్మిది వందలు.

శిరీష దిగి మళ్లీ ఎక్కింది. అదే అంకె.

"మేడం, నిన్న మన బడిల చూస్కున్న. నలభై ఆరున్నర మీద జరంత ఉన్న. రాత్రి గుడ ఏం తినలె. గిదేంది?" అంది.

ఆ మాటకు నేనిచ్చిన జవాబు రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గు. కానీ రాయాలి. "బడిలో మిషన్ పాతది, అది తప్పు చూపించి ఉంటుంది" అన్నాను. ఇరవై ఏళ్లు పిల్లలకు బరువులు తూచినదాన్ని. ఆ బడి మిషన్ మీద ఆ ఏడాది నేనే మూడుసార్లు ఎక్కాను. అది సరిగ్గానే ఉందని నాకు తెలుసు. అయినా కొత్తగా మెరుస్తున్న యంత్రాన్ని చూసి పిల్ల మాట కొట్టేశాను.

తొమ్మిది వరకు ఎన్నిసార్లయినా తూగవచ్చని ఇందిర చెప్పింది. ఏడు వందల గ్రాములు తగ్గాలి. కరాటేలో ఇది కొత్త కాదు. ఒంట్లో నీరు చెమటగా పోతే బరువు తగ్గుతుంది. శిరీష చేత రెండు ట్రాక్ సూట్లు ఒకదాని మీద ఒకటి తొడిగించాను. హాలు వెనక ఖాళీ స్థలంలో పరిగెత్తించాను. ముందురోజు మధ్యాహ్నం నుంచి తిండి లేని పిల్ల. నీళ్లు కూడా ముట్టలేదు. యాభై నిమిషాలు పరిగెత్తింది. పెదవులు తెల్లబడ్డాయి. నాగన్న గోడ పక్కన నిలబడి చూస్తూ ఉన్నాడు. ఒకసారి దగ్గరికి వచ్చి, "సాలు గద మేడం" అన్నాడు. ఇంకొంచెం అన్నాను.

మళ్లీ ఎక్కించాం. నలభై ఏడు కిలోల ఐదు వందలు.

ఇంకా మూడు వందలు. గడియారం ఎనిమిదిన్నర దాటింది. ఇందిర నోటు పుస్తకం మీద నుంచి తల ఎత్తి, "జడ తీసేస్తే రెండు మూడు వందల గ్రాములు పోతయి మేడం. పోయినసారి ఒకామె గట్లనే చేసింది" అంది. ఎగతాళికి అనలేదు. సాయం చేద్దామనే అంది.

శిరీష జడ నడుము దాటి ఉండేది. ఆడేటప్పుడు మడిచి రబ్బరు బ్యాండుతో కట్టుకునేది. పెళ్లికూతురి గది కదా, గోడ నిండా అద్దం. అద్దంలో తనను తాను ఒకసారి చూసుకుని, "కొయ్యున్రి మేడం" అంది. ప్రథమ చికిత్స పెట్టెలో కట్టు గుడ్డ కత్తిరించే కత్తెర ఉంది. మొండిది. నాలుగైదు కోతలకు గాని జడ తెగలేదు. కోసింది నేనే.

ఎక్కింది. నలభై ఏడు కిలోల నాలుగు వందలు.

శిరీష ఏడవలేదు. గోడకు ఆనుకుని కింద కూర్చుంది. చేతిలో తెగిన జడతో నేను గది బయటికి వచ్చాను. నాగన్న దాన్ని చూశాడు, నా ముఖం చూశాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. నెమ్మదిగా అడిగాడు.

"ఆ కాంటా మీద బాటు పెట్టి సూసిన్రా మేడం?"

బాటు అంటే తూనిక రాయి అని తెలుసు, ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదు.

"మాకు షావుకారు పట్టు తూచి ఇస్తడు. చీర నేసినంక మళ్ల తూచి తీస్కుంటడు. తక్కువొస్తే మేమే తిన్నమంటడు. అందుకని మేము ముంగట కాంటా మీద ముద్ర బాటు పెట్టి సూస్తం. కాంటా సక్కగ ఉంటేనే మాట. పొద్దుగాల్నుంచి మీరు పిల్లనే తూస్తున్నరు. కాంటాను ఎవ్వరు తూయలె."

ఆ క్షణంలో నాకు వచ్చిన కోపం ముందు నా మీదే వచ్చింది. మిగతావాళ్ల మీదికి తర్వాత మళ్లింది.

ఫంక్షన్ హాలుకు ఎదురుగా రోడ్డు అవతల పల్లీలు, వడ్లు కొనే దుకాణం ఒకటి తెరిచి ఉంది. దుకాణం వెంకటమ్మ అనే పెద్దావిడది. మనిషి పొట్టి, గొంతు గట్టిది. విషయం చెప్పి, ఇరవై కిలోల బాట్లు రెండు కావాలని అడిగాను. తూనికలు, కొలతల అధికారులు ముద్ర వేసినవే కావాలన్నాను. బాటు తిరగేసి అడుగున ముద్ర చూపించింది. "మొన్ననే ఏయించిన, సూస్కో. కని నా బాట్లు నన్ను ఇడిసి యాడికి పోవు. నేను గుడ వస్త" అని చెప్పులు వేసుకుంది. నాగన్న ఒకటి భుజాన పెట్టుకున్నాడు. ఇంకొకటి వెంకటమ్మ దుకాణంలో హమాలీ మోశాడు.

లోపలికి వెళ్లే ముందు ఒక తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాశాను, ఇంకో ప్రతి నా కోసం రాసుకున్నాను. నా విద్యార్థిని పేరు, విభాగం, తూకం యంత్రం మీద అనుమానం, ముద్ర బాట్లతో అందరి ఎదుట పరీక్షించాలని కోరిక. చివర సమయం వేశాను. ఎనిమిది యాభై మూడు. దీన్ని ప్రొటెస్టు అంటారు. నోటితో చేసిన ఫిర్యాదుకు పోటీల్లో విలువ లేదు. కాగితం మీద ఉండాలి. గడువు ముగియకముందే అందాలి.

రాష్ట్ర సంఘం తరఫున ఒక పరిశీలకుడు వచ్చి ఉన్నారు. పెద్ద వయసు మనిషి, ఐదో డాన్. ఆయన చేతిలో పెట్టి, అందినట్టు నా ప్రతి మీద సంతకం తీసుకున్నాను. ఆయన చదివి కళ్లద్దాలు తీశారు. "ఎందుకమ్మా ఇదంతా? యాభై నాలుగు కిలోల విభాగంలో ఆడించెయ్యి. అక్కడ చోటు ఇప్పిస్తాను" అన్నారు. ఏడెనిమిది కిలోలు ఎక్కువున్న అమ్మాయిల మీదికి, తిండి, నీళ్లు లేని పిల్లను పంపమంటున్నారు. అది ఉపకారం అని ఆయన నిజంగానే అనుకున్నారు. ముందు యంత్రాన్ని చూడండి, తర్వాత మాట్లాడదాం అన్నాను.

అంతలో సత్యం మాస్టర్ వచ్చారు. గది గుమ్మంలో ఇనుప బాట్లు చూసి మండిపడ్డారు. "మేడం, ఇది కరాటే టోర్నమెంటు. పల్లీల మండి కాదు" అన్నారు.

వెంకటమ్మ నాకంటే ముందే అందుకుంది. "మండిల గిట్ల తూస్తే రైతులు తంతరు సారూ!"

ఆడపిల్లలందరినీ బయటికి పంపించి, పరిశీలకుడిని, మిగతా కోచ్‌లను గదిలోకి పిలిచాం. నాగన్న వంగి బాట్లు రెండూ యంత్రం మీద జాగ్రత్తగా పెట్టాడు. నలభై కిలోల ఇనుము. అంకెలు వెలిగాయి. నలభై ఒకటి, మూడు వందలు.

కిలో మూడు వందల గ్రాములు ఎక్కువ. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన కోచ్ ఒకాయన అంకెను పైకి చదివాడు. పరిశీలకుడు కార్పెట్ వల్ల కావచ్చన్నారు. సరే, కార్పెట్ తీసేసి గ్రానైటు బండ మీద పెట్టాం. నలభై ఒకటి, మూడు వందలు. తడి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాం. అదే.

శిరీష పొద్దున బస్సు దిగినప్పుడు బడిలో తూచుకున్న బరువే ఉంది. పరుగు అక్కర్లేదు. దప్పిక అక్కర్లేదు. జడ అక్కర్లేదు.

నేను తూకం పట్టిక అడిగాను. ప్రతి ఆటగాడి పేరు ఎదుట బరువు, ఆ పక్కన ఆటగాడి సంతకం ఉండాలి. మా విభాగంలో ఏడుగురు. అప్పటికి ఆరుగురి ఎదుట బరువులు వేసి ఉన్నాయి. వాటిలో ఐదింటి పక్కన సంతకాలున్నాయి. హారిక ఎదుట నలభై ఆరు, ఎనిమిది వందలు అని ఉంది. సంతకం లేదు. సిరా వేరు. హారికను ఎప్పుడు తూచారని ఇందిరను అడిగాను. ఇందిర తల దించుకుంది. "సార్ నిన్ననే రాయమన్నరు మేడం. రాసిన" అంది.

సత్యం మాస్టర్ వెంటనే తమ కేంద్రంలో ముందురోజే తూచామని, అది కూడా తూకమేనని వాదించారు. ఆయన గొంతులో తొట్రుపాటు లేదు. అబద్ధం చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. తాను చేసింది తప్పు అని కూడా తోచని మనిషిని చూడడం వేరు. ఆ యంత్రం తప్పు చూపుతుందని ఆయనకు ముందే తెలుసని నేను ఈనాటికీ రుజువు చేయలేను. తన శిష్యురాలిని దాని మీద ఎక్కించలేదన్నది మాత్రం కాగితం మీదే ఉంది.

విభాగంలో అందరినీ మళ్లీ తూచాలని పట్టుబట్టాను. మిగతా కోచ్‌లు నాతో కలిశారు. వాళ్ల పిల్లల్లో ఒకమ్మాయి కూడా ఆ పొద్దున పరిగెత్తి వాంతి చేసుకుందట. కానీ నమ్మదగిన యంత్రం ఎక్కడిది? వెంకటమ్మ దుకాణంలో బస్తాలు తూచే కాంటా ఉంది. పరిశీలకుడు ముఖం చిట్లించారు గాని వేరే దారి లేక ఒప్పుకున్నారు.

అలా ఏడుగురు ఆడపిల్లలు తెల్లటి కరాటే దుస్తులతో రోడ్డు దాటి పల్లీల దుకాణంలోకి వెళ్లారు. వెంకటమ్మ షట్టరు దించేసింది. మగవాళ్లెవరూ లోపలికి రావద్దని గట్టిగా చెప్పింది. ముందు కాంటాను బాట్లతో సరిచూశాం. తర్వాత గోనె బస్తాల నడుమ ఒక్కొక్కరినీ ఎక్కించాం. మరో మహిళా కోచ్, ఇందిర, నేను ముగ్గురం చూసి రాశాం. శిరీష నలభై ఆరు, ఒక వంద. హారిక నలభై ఏడు, తొమ్మిది వందలు.

హారిక కాంటా దిగి అక్కడే ఏడ్చేసింది. "నాకు తెల్వదు మేడం. మాస్టర్ నువ్వు సరిపోయినవు అన్నడు. తినొద్దని చెప్పుంటే తినకపోదును గద" అంది. ఆ పిల్ల తప్పు ఇసుమంత లేదు. ఒక పిల్ల అక్కర్లేకుండా ఎండిపోయింది. ఇంకో పిల్ల మోసంలో తాను ఉన్నట్టు తెలియకుండా నిలబడింది. ఇద్దరికీ పద్నాలుగేళ్లు. వాళ్ల చుట్టూ బ్లాక్ బెల్టులు కట్టుకున్న పెద్దవాళ్లం పదిమందిమి ఉన్నాం. ఆ పదిమందిలో నేనూ ఉన్నాను.

డ్రా గంట ఆలస్యంగా తీశారు. ఆ గంటలో శిరీషకు నాగన్న అరటిపళ్లు తినిపించాడు, గ్లూకోజు కలిపిన నీళ్లు కొద్దికొద్దిగా తాగించాడు. హారికను విభాగం నుంచి తప్పించారు. మిగిలింది ఆరుగురు.

కుమితేలో గుద్దుకు ఒక పాయింటు, నడుము మీద తన్నుకు రెండు, తల మీద తన్నుకు మూడు. మొదటి ఆటలో శిరీష కాళ్లు తేలిపోతున్నాయి. అయినా రెండు గుద్దులతో గట్టెక్కింది. రెండో ఆటలో ఎదుటి అమ్మాయి హద్దు దాటి రెండుసార్లు బయటికి పోయి జరిమానా పడింది. ఫైనల్ నాగర్‌కర్నూల్ అమ్మాయితో. పొడుగు పిల్ల, మంచి కాలు. శిరీష ముందు ఒక గుద్దు వేసింది. ఒకటి. అవతలి అమ్మాయి నడుము మీద తన్నింది. రెండు. చివరి పదిహేను సెకన్లలో శిరీష వెనక్కి తగ్గుతూ తగ్గుతూ, ఆ పొడుగు కాలు నేలకు దిగే సందులో లోపలికి పోయి గుద్దింది. మూడు జెండాలు లేచాయి. రెండు, రెండు. సమానం.

సమానమైతే మొదట ఎవరు అడ్డు లేకుండా పాయింటు తీశారో వాళ్లు గెలిచినట్టు. దాన్ని సెన్షు అంటారు. మొదటి గుద్దు శిరీషది. రెఫరీ ఆమె వైపు చెయ్యి ఎత్తాడు. నాగన్న చప్పట్లు కొట్టలేదు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో తువ్వాలు పిండుతూ ఉండిపోయాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కథ ఇంత కోపంగా చెప్పేదాన్ని కాదు.

సాయంత్రం నివేదిక సిద్ధం చేశారు. ప్రతి కోచ్ దాని మీద సంతకం చేయాలి. చదివాను. హారిక ఎదుట, "అస్వస్థత కారణంగా పాల్గొనలేదు" అని రాశారు. శిరీష ఎదుట, "మొదట బరువు ఎక్కువ. కోచ్ అభ్యర్థనపై మరోసారి అవకాశం ఇవ్వబడింది" అని రాశారు. తప్పు యంత్రం గురించి ఒక్క ముక్క లేదు. ముందే నింపిన పట్టిక గురించి లేదు. నా ప్రొటెస్టు కాగితం గురించి లేదు. ఆ నివేదిక చదివినవాళ్లకు, బరువు తప్పిన పిల్లను ఎవరో జాలిపడి ఆడనిచ్చారని అర్థమవుతుంది. గెలిచిన పిల్ల దయతో గెలిచినట్టు.

సంతకం పెట్టనన్నాను. పరిశీలకుడు నన్ను పక్కకు పిలిచి, పిల్ల గెలిచింది కదా, ఇంకేం కావాలి, సంఘం పరువు చూడమ్మా అన్నారు. తప్పు యంత్రం సంగతి రాస్తే పెడతాను, లేకపోతే పెట్టను అన్నాను. ఆయన రాయలేదు. నేను పెట్టలేదు. మిగతా కోచ్‌లు పెట్టారు. వాళ్లను తప్పు పట్టను. వాళ్ల పిల్లలు మళ్లీ ఆ తతామీ మీదికే రావాలి.

మరునాడు స్థానిక పత్రికలో ఫోటో వచ్చింది. మధ్యలో శాలువాతో సత్యం మాస్టర్. ఆయన చెయ్యి శిరీష భుజం మీద. కత్తిరించిన జుట్టు ఎగుడుదిగుడుగా కనిపిస్తూ ఉంది. మారుమూల ప్రతిభను వెలికితీసిన నిర్వాహకులు అని కింద రాశారు.

రెండు వారాలకు నాకు ఉత్తరం వచ్చింది. అభియోగాలు రెండు. బయటి వ్యక్తులను తూకం గదిలోకి తీసుకువచ్చి సంఘం ప్రతిష్ఠకు భంగం కలిగించడం. అధికారిక నివేదిక మీద సంతకం నిరాకరించడం. అందువల్ల జడ్జీల ప్యానెల్ నుంచి తొలగించడమైనది. ఒక ప్రతి మా శాఖకు కూడా పంపారు. ప్రధానోపాధ్యాయురాలు సంజాయిషీ అడగక తప్పలేదు. ఒక పేజీ రాసి, ప్రొటెస్టు నకలు జత చేసి ఇచ్చాను. శాఖ దాన్ని ఫైల్లో పెట్టి ఊరుకుంది. సంఘం ఊరుకోలేదు. ఆ తర్వాత ఐదేళ్లలో ఒక్క పోటీకీ నన్ను పిలవలేదు. అభియోగాల్లో బయటి వ్యక్తులు అన్నారే, వాళ్లెవరు? పిల్ల తండ్రి. సరైన తూకం ఉన్న ఒక పల్లీల వ్యాపారి, ఆమె హమాలీ. ఆ రోజు ఆ గదిలో తమ పని సక్రమంగా చేసింది వాళ్లే.

శిరీష రాష్ట్ర పోటీల్లో ఆ ఏడాది రజతం తెచ్చింది. తర్వాత మూడేళ్లు వరుసగా స్వర్ణం. జాతీయ స్థాయిలో ఒకసారి కాంస్యం. ఇప్పుడు వ్యాయామ విద్యలో డిగ్రీ చేస్తూ పెద్దల విభాగంలో ఆడుతోంది. సెలవుల్లో వీపనగండ్లలో ఆడపిల్లలకు నేర్పుతోంది. ఆమె గురించి అడిగినవాళ్లకు ఇవే చెబుతాను. కానీ నాకు ముందుగా గుర్తొచ్చేది పతకాలు కాదు, ఆ ఆదివారం తిరుగు ప్రయాణం.

పెబ్బేరు దాటాక బస్సులో సీటు దొరికింది. నాగన్న ముందు సీట్లో నిద్రపోయాడు. శిరీష కిటికీ పక్కన. "అనవసరంగా జడ కోశాను, తప్పయిపోయింది" అన్నాను. ఒక ఉపాధ్యాయిని విద్యార్థినికి చెప్పాల్సిన మాట చెప్పానని నాకు కొంచెం తృప్తి కూడా కలిగిందేమో.

"జుట్టుదేముంది మేడం, మొలుస్తది" అంది. నా వైపు తిరగకుండానే ఇంకో మాట అంది. "నేను పొద్దుగాల్నే చెప్పిన గద, నలభై ఆరున్నర అని. మీరు ఆ మిషన్‌ని నమ్మిన్రు. నన్ను నమ్మలె."

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మరునాడు ప్రార్థనకు గంట ముందు ఎప్పటిలాగే గ్రౌండులో ఉంది.

సంఘం పిలవకపోయినా బడుల క్రీడల్లో తూకం బాధ్యత నాకు పడుతూనే ఉండేది. గద్వాలలో కొన్నేళ్లు, మానవపాడులో ఒక ఏడాది, చివర నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగ విరమణ వరకు. ఆ రోజుల్లో రెండు మార్పులు చేశాను. మొదటిది, పిల్లలు రాకముందే ముద్ర బాటును యంత్రం మీద పెట్టి, వచ్చిన అంకెను పట్టిక నెత్తిన రాసి ఇద్దరు కోచ్‌ల సంతకాలు తీసుకోవడం. రెండోది, పట్టికలో ఒక గడి పెంచడం. 'విద్యార్థి చెప్పిన బరువు'. యంత్రం ఎక్కకముందే పిల్లను అడిగి అది నింపాలి. రెంటికీ కిలో తేడా వస్తే ఆగాలి. ఒక అధికారి ఆ గడి చూసి నవ్వి, పిల్లలు చెప్పింది రాసుకోవడానికి మనం ఎందుకు అన్నారు. గడి తీసెయ్యమన్నారు. తీయలేదు.

క్రీడాకారులకు తమ ఒళ్లు తెలుసు. గంటలకొద్దీ ఆకలితో, చెమటతో దాన్ని కొలుచుకునేది వాళ్లే. వాళ్లు చెప్పేదానికీ యంత్రం చెప్పేదానికీ పొంతన లేనప్పుడు మొదట పరీక్షించవలసింది యంత్రాన్ని. తర్వాత దాన్ని తెచ్చిన మనిషిని. పిల్లను అందరికంటే చివర. నిబంధనల పుస్తకంలో ఈ వరుస లేదు. ఉండాలి.